చేతులు వదులు

కొట్టుకు వచ్చినవాళ్లను అద్దం ముందు నిలబెట్టి, మెడలోని టేపు తీసి వేళ్లకు చుట్టుకుంటూ టైలరమ్మ అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "వదులు ఎంత పెట్టమంటారు?" కొత్తగా సన్నబడ్డవాళ్లు అసలు వదులే వద్దంటారు. బడిపిల్లల తల్లులు వచ్చే ఏడాదికి కూడా సరిపోయేంత పెట్టమంటారు. ఎవరేం చెప్పినా ఆమె బుద్ధిగా తలూపి, చివరికి తనకు తోచినంతే పెడుతుంది. బట్ట ఒంటిని అంటిపెట్టుకోవాలి గాని పట్టుకోకూడదని ఆమె సిద్ధాంతం. ముప్ఫై ఏళ్లుగా ఆ కొట్టు ఆ సిద్ధాంతం మీదే నడుస్తోంది. అలాంటి మనిషి సరిగ్గా ఆ 'వదులు' అన్న మాట దగ్గరే, యాభై దాటిన వయసులో, బురదలో బోర్లా పడిందంటే నవ్వు రాక ఏమొస్తుంది? అయితే ఆమె పడ్డ కథ చెప్పాలంటే ముందు ఆమెను ఆ బురదదాకా నడిపించినాయన సంగతి చెప్పాలి.

ఆయన ఆమె భర్త. వీధిలో అందరికీ టవరాయన. సెల్‌ఫోన్ టవర్లకు మెకానిక్కు. ఊళ్లో ఉన్న టవర్లు తోటివాళ్లకు అప్పజెప్పి, కొండల మీద ఉన్నవి మాత్రం తనే చూసుకునేవాడు. అందుకోసం ఒక పొడుగాటి అడ్వెంచర్ బైకు పెట్టుకున్నాడు. రాళ్లూ రప్పలూ, వాగులూ వంకలూ ఏవి అడ్డొచ్చినా దాటిపోయే రకం. దాని సీటు ఎక్కాలంటే మామూలు ఎత్తు మనిషి అరుగు వెతుక్కోవాలి. అందుకని టైలరమ్మ దానికి ఒంటె అని పేరు పెట్టింది. ఆయన ఏమీ అనుకోలేదు, ఒంటె కూడా అనుకున్నట్టు లేదు.

టవరాయన నోటికి మూత ఉండేది కాదు. సాయంత్రం ఇల్లు చేరి బూట్లు విప్పుతూ మొదలుపెడితే, అన్నిటికన్నా ఎత్తున ఉన్న పైటవరు దగ్గర జనరేటరు ఎందుకు మొరాయించిందో, ఏ మలుపులో నక్క ఎదురైందో, ఏ రాయి కింద తేలు తోకెత్తిందో అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేవాడు. ఆమె మిషను తొక్కుతూ ఊఁ కొట్టేది. సగం వినేది కాదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అయినా చెప్పేవాడు.

కిందటేడు ఆయన తలుపు చెక్కలకు గుద్దుకోవడం మొదలుపెట్టాడు. పరధ్యానం అనుకుందామె. ఒకరోజు పక్కన నిలబడి టీ గ్లాసు అందిస్తే తిరిగైనా చూడలేదు. అలిగాడనుకుని తనూ అలిగింది. ఇద్దరూ దేనికి అలిగారో ఇద్దరికీ తెలియకుండా కొన్నాళ్లు గడిచి, ఆ అలక ఆఖరికి కంటి డాక్టరు దగ్గర తీరింది. కంట్లో ఒత్తిడి పెరిగి ఆయనకు పక్కచూపు పోయింది. ఎదురుగా ఉన్నది గొట్టంలోంచి చూసినట్టు కనబడుతుంది, పక్కనున్నది లేనట్టే. పోయిన చూపు రాదనీ, ఉన్నదాన్ని మందులతో నిలబెడదామనీ, ఎన్నాళ్లు నిలుస్తుందో మాత్రం మాట ఇవ్వలేననీ డాక్టరు చెప్పాడు. బండి తాళం ఇక ముట్టుకోవద్దన్నాడు.

ఆఫీసువాళ్లు మంచివాళ్లు. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి ఫోన్లు ఎత్తమన్నారు. కొండలెక్కిన మనిషికి కుర్చీ ఇవ్వడం గోరుచుట్టు మీద రోకటిపోటు. ఒంటెకు ముసుగు పడింది, దానితోపాటే ఆయన నోటికీ పడింది. సాయంత్రాలు ఇంట్లో మిషను చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించేది కాదు. ఇన్నాళ్లూ సగమే విన్నందుకు టైలరమ్మకు అప్పుడు బాధేసింది.

ఈలోగా ఒక ఫొటోగ్రాఫరు ఒంటెను కొంటానని వచ్చాడు. వానలు వెలిశాక వచ్చి తీసుకెళతానన్నాడు. టవరాయన సరేనన్నాడు. ఆ రాత్రి అన్నం తింటూ, ఎదురుగోడతో చెబుతున్నట్టు అన్నాడు:

"పైటవరు దగ్గర వానాకాలంలో మబ్బులు కాళ్ల కింద ఉంటాయి తెలుసా. పరుపు పరిచినట్టుంటుంది. ఇంకొక్కసారి చూస్తే బాగుండు."

అని లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్లిపోయాడు. ఇన్నేళ్ల కాపురంలో ఫలానాది కావాలని నోరు తెరిచి అడగని మనిషి. ఆమె కంచాలు ఎత్తుకుని వంటగదిలోకి వెళ్లింది.

"మీ ఆఫీసులో ఎవరైనా వెనక ఎక్కించుకుని తీసుకెళ్లరూ?" అని వంటగదిలోంచే అడిగింది.

"ఆ దారిలో వాళ్ల ప్రాణమే వాళ్లకి బరువు. వెనక ఇంకో ప్రాణం కూడానా?"

"జీపు?"

"ఎండాకాలం వెళ్తుంది. వానలొస్తే అంతా జిగటమన్ను. మధ్యలో బండి చక్రమంత దారి మిగులుతుంది, అంతే. ఎండాకాలం వెళ్తే మబ్బులుండవు."

అంటే ఈ వానల్లోనే వెళ్లాలి, రెండు చక్రాల మీదే వెళ్లాలి. వానలు వెలిస్తే ఒంటె ఉండదు. వచ్చే వానల నాటికి ఆయన చూపు ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. టైలరమ్మకు లెక్క తేలిపోయింది. చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, ఒంటె నడపడం తను నేర్చుకుంటానని చెప్పింది.

అప్పటిదాకా ఆమె నడిపింది స్కూటరు. అదీ కొట్టుకీ ఇంటికీ మధ్య.

టవరాయన చాలా రోజుల తరువాత నవ్వాడు. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల?" అన్నాడు.

"తొక్కుతాను, కడుక్కుంటాను. కాళ్లూ నావే, కుళాయీ మనదే."

మర్నాడు పొద్దున్నే ఇంటి వెనక సందులో ఆయనే పాఠం మొదలుపెట్టాడు. మొగుడి దగ్గర బండి నేర్చుకోవడం ఎంత తెలివితక్కువ పనో ఆ సందులోని కిటికీలన్నీ చెబుతాయి. క్లచ్ అంటే ఆయన అరిచాడు, బ్రేకంటే ఆమె అరిచింది, ఒంటె ఆగిపోయింది. ఎవరి పెళ్లిలో ఎవరు ఎవరిని అవమానించారో అనేదాకా వెళ్లింది ఆ పాఠం. ఇంకో పూట సాగితే ముప్ఫై ఏళ్ల కాపురం సందులోనే ముగిసేది.

ఊరి చివర పాతబడిన ఇటుకబట్టీ స్థలంలో బురదలో బండి నడపడం నేర్పే బడి ఒకటుంది. అక్కడివాళ్ల మోకాళ్ల దగ్గర చిరిగిన ప్యాంట్లన్నీ టైలరమ్మ కొట్టుకే వస్తాయి. ఆ ప్యాంట్లకు అతుకులేస్తూ, ఈ వెర్రివాళ్లకేం రోగమని ఎన్నోసార్లు అనుకుంది. ఇప్పుడు తనే ఒక ప్యాంటు కుట్టుకుని, మోకాళ్లకు ముందుగానే రెండేసి అతుకులు వేసుకుని అక్కడికి వెళ్లింది.

నేర్పేది ఒక అమ్మాయి. పొట్టి, బక్క. తనకు మూడింతలున్న బండిని ఒక్కతే లేపి నిలబెడుతుందని అందరూ చీమ మేడమ్ అంటారు. మొదటి రోజే టైలరమ్మను ఆంటీ అని పిలిచింది.

"ఆంటీ అన్నవాళ్లకి నేను కొలతలు తప్పు తీస్తాను," అంది టైలరమ్మ.

"అక్కా," అంది చీమ మేడమ్ వెంటనే. తెలివైన పిల్ల.

మొదటి పాఠంలో బండి ఎక్కడమే లేదు. బండిని బురదలో పడుకోబెట్టి లేపమంది. ఎదురుగా నిలబడి లాగితే నడుము పోతుంది. బండికి వీపు పెట్టి గొంతుక్కూర్చుని, ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో వెనక కడ్డీ పట్టుకుని, కాళ్లతో నేలను తన్నుతూ వెనక్కి అడుగులు వెయ్యాలి. చేతులకు పని లేదు, తొడలదే పని. మిషను తొక్కిన తొడలు గనక టైలరమ్మ ఆ పూటే లేపేసింది. ఆమెతో చేరిన పళ్ల డాక్టరు, నిండు విగ్రహం, లేపలేక బండి పక్కనే కూలబడ్డాడు.

"పడ్డవాళ్లెప్పుడూ చెడ్డవాళ్లు కారక్కా," అన్నాడాయన ఆయాసపడుతూ.

"పడింది బండి కదా డాక్టరుగారూ, మీరెందుకు పడ్డారు?" అంది టైలరమ్మ.

తరువాత అసలు పాఠాలు. బురదలో కూర్చుని నడపకూడదు, కాళ్లు పెట్టే కడ్డీల మీద నిలబడాలి. మోకాళ్లతో ట్యాంకును నొక్కి ఉంచాలి. ముందు బ్రేకు జోలికి పోకూడదు. యాక్సిలరేటరు ఒక్క తీరుగా ఉండాలి, భయమేసినప్పుడు అసలే తగ్గించకూడదు. ముందు చక్రాన్ని చూడకూడదు, దూరాన చేరాల్సిన చోటును చూడాలి. చూపు ఎక్కడుంటే బండి అక్కడికి పోతుందట. టైలరమ్మ ముందు చక్రాన్నే చూసేది. బండి బుద్ధిగా ముందు చక్రం ఉన్న చోటే పడేది.

ఇక ఆ మాట సంగతి. ఒక మధ్యాహ్నం, పొద్దుటి వాన నిలిచి నేల సబ్బు రాసినట్టున్న వేళ, టైలరమ్మ చిన్న బండి మీద నిలబడి, పళ్లు బిగబట్టి, హ్యాండిల్‌ను ఊపిరాడకుండా పట్టుకుని పోతోంది. బండి తల ఇటూ అటూ కొట్టుకుంటోంది. పక్కన పరిగెడుతున్న చీమ మేడమ్ గొంతు చించుకుని అరిచింది:

"అక్కా, చేతులు వదులు! వదులు!"

టైలరమ్మ వదిలేసింది. రెండు చేతులూ. గాల్లోకి.

బండి ఒక దిక్కు, ఆమె ఒక దిక్కు వెళ్లారు. ఆమె వెళ్లిన దిక్కున బట్టీవాళ్లు మన్ను తవ్వుకున్న గుంట ఉంది. బోర్లా పడి, కాసేపటికి తలెత్తింది. కళ్లు తప్ప మిగతా ముఖమంతా మన్నే. చీమ మేడమ్‌కు ఆమె ఎముకల గురించి కంగారు పడాలో నవ్వాలో తెలియలేదు.

"వదిలేశారేంటక్కా?"

"నువ్వే కదే వదలమన్నావు?"

"వదులుగా పట్టుకోమన్నాను. చేతులు వదులుగా ఉండాలని."

"వదులు అని ఏకవచనంలో అరిచావు. రోజూ అండి పెట్టి మాట్లాడే పిల్ల మర్యాద మర్చిపోయిందంటే బండికి మంటలే అంటుకున్నాయనుకున్నాను."

పళ్ల డాక్టరు తన బండి ఆపుకుని మరీ నవ్వాడు, ఆ నవ్వులో తనూ పడ్డాడు. టైలరమ్మ మాత్రం ఇంటికి వెళ్లేదాకా నవ్వలేదు. దినమంతా వదులు వదులు అంటూ బతికే మనిషి, ఆ మాట తన దగ్గరకు వచ్చేసరికి పోల్చుకోలేకపోయింది. ఆమెకు అది బండి మీంచి పడ్డదానికన్నా ఎక్కువ నొప్పిగా ఉంది.

ఇంటి దగ్గర టవరాయన గుమ్మంలో నిలబడి, తల మెల్లగా పైనుంచి కిందికి దించుతూ ఆమెను మొత్తం చూసుకున్నాడు. ఇప్పుడాయన దేన్నైనా అలాగే, ముక్కలు ముక్కలుగా చూడాలి.

"ఇవాళ ఎన్నిసార్లు?" అన్నాడు.

"ఒక్కసారే. కాని తృప్తిగా."

జరిగింది చెబితే ఆయన గోడ పట్టుకుని నవ్వాడు. తరువాత కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చుని, జిగటమన్నులో చక్రం ఎందుకు కొట్టుకుంటుందో, దాని మానాన దాన్ని కాస్త ఊగనివ్వకపోతే ఏమవుతుందో చెప్పడం మొదలుపెట్టాడు. గరిటె తీసుకుని హ్యాండిల్‌లా పట్టుకుని చూపించాడు. అన్నం చల్లారిపోయినా ఆపలేదు. ఆ గొంతు విని ఎన్నాళ్లయిందో అనుకుని టైలరమ్మ జుట్టులో మన్ను కడుక్కోకుండా అలాగే కూర్చుంది. ఆమెకు చాలా సంతోషంగా ఉంది. ఇది నేర్చుకుని తీరాలని గట్టిగా అనుకున్నది ఆ పూటే.

అయితే అనుకోవడం తల పని, పట్టుకోవడం చేతుల పని. ఆ తరువాత కూడా బండి కొంచెం ఊగగానే ఆమె వేళ్లు వాటంతటవే బిగుసుకునేవి. చీమ మేడమ్ ఇప్పుడు "వదులుగా అండీ, వదులుగా" అని పూర్తి వాక్యాలు అరిచేది. దున్నపోతు మీద వాన కురిసినట్టే ఉండేది. వానలు మెల్లగా పలచబడుతున్నాయి. ఫొటోగ్రాఫరు ఫోను చేసి, త్వరలో వస్తానని గుర్తుచేశాడు కూడా.

సరిగ్గా అప్పుడే పళ్ల డాక్టరు తన కూతురికి పెళ్లి గౌను కుట్టమని సాటిన్ గుడ్డ తెచ్చిచ్చాడు. సాటిన్ సంగతి కుట్టేవాళ్లకు తెలుసు. పట్టుకుంటే జారుతుంది, లాగితే ముడుచుకుంటుంది. టైలరమ్మ మిషను ముందు కూర్చుని, రెండు అరచేతులూ గుడ్డ మీద ఊరికే ఆనించి కుట్టుకుపోతోంది. మిషను పాదం కింద ఉన్న ఇనుప పళ్లే గుడ్డను ముందుకు తీసుకెళతాయి. చేతులున్నది దారి చూపించడానికి. కొత్తవాళ్లు ఆ సంగతి తెలియక తామే లాగి సూదులు విరగ్గొడతారు. పైగా సూదినే చూస్తూ కుడతారు, కుట్టు వంకరపోతుంది. చూడాల్సింది సూదిని కాదు, ముందున్న గీతను.

ఆమె కాలు ఆగిపోయింది. మిషను ఆగిపోయింది. ఆమె తన చేతుల వైపు చూసుకుంది. జారే గుడ్డ మీద అవి ఎంత తేలిగ్గా ఉన్నాయో చూసుకుని, గట్టిగా నవ్వింది.

"ఏమైందోయ్?" అన్నాడు టవరాయన అవతలి గదిలోంచి.

"ఏమీ లేదు. ఇన్నాళ్లూ బండి నేను లాక్కెళుతున్నాననుకున్నాను."

"మరి?"

"అదే వెళుతోందండీ. నేను ఊరికే అడ్డం పడుతున్నాను."

మర్నాడు బట్టీ స్థలంలో ఆమె సాటిన్ కుట్టింది. అంతకన్నా ఇంకోలా చెప్పలేను. బురద బండిని ఇటు లాగింది, ఊగనిచ్చింది. అటు లాగింది, ఊగనిచ్చింది. దూరాన పొగగొట్టం మీద చూపు పెట్టి, హ్యాండిల్ మీద అరచేతులు ఆనించి, బట్టీ చుట్టూ తిరిగి వచ్చి చీమ మేడమ్ ముందు ఆగింది. చీమ మేడమ్ వెళ్లి ఇంకా లోతైన బురద చూపించింది. మెచ్చుకోవడం ఆ పిల్లకు అలాగే వచ్చు.

తరువాత ఒంటెనే తీసుకెళ్లింది. టైర్లలో గాలి తగ్గించారు. సీటును టైలరమ్మ స్వయంగా విప్పి, లోపలి స్పాంజి కోసి, తన కాళ్లకు అందేంత కిందికి దించి మళ్లీ కుట్టేసింది. బిగువుగా కుట్టాల్సింది అదొక్కటే. వెనక మనిషి ఉంటే ఎలా ఉంటుందో తెలియాలని చీమ మేడమ్ సీటు మీద ఇసుకబస్తా కట్టించింది. ఇసుకబస్తాతో ఆమె ఏటవాలు ఎక్కింది, దిగింది. బస్తా ఒక్క మాటా అనలేదు. వెళ్లిరండి అంది చీమ మేడమ్.

సన్నటి జల్లు పడుతున్న ఉదయాన టైలరమ్మ గేటు ముందు ఒంటెను నిలబెట్టి హారన్ కొట్టింది. టవరాయన పాత రెయిన్‌కోటు తొడుక్కుని వచ్చి, బండి ముందుకు వెళ్లబోయి, ఆగి, వెనక్కి వచ్చాడు. తన బండికి వెనక సీటు ఎలా ఉంటుందో ఆయన ఎన్నడూ ఎరగడు. కాలెత్తి ఎక్కి కూర్చున్నాడు. ఊరు దాటాక మొదలుపెట్టాడు.

"నీ కోటు వీపు మీద కుట్టు వంకరపోయింది."

"ఆ కుట్టు కాక ఇంకేమీ కనిపించట్లేదా?"

"ఎదురుగా ఉన్నదే కదా నాకు కనిపించేది. ఎదురుగా నువ్వున్నావు."

అది ఫిర్యాదో మరొకటో ఆమెకు తెలియలేదు. బాగానే ఉంది మాత్రం.

కొండదారి మొదలైంది. ఎర్రటి జిగటమన్ను, మధ్యలో చక్రమంత దారి. ఒక పక్క గట్టు, ఇంకో పక్క పొదలు. టైలరమ్మ కడ్డీల మీద నిలబడింది, దూరాన మలుపును చూసింది, అరచేతులు ఆనించింది. అంతా నేర్చుకున్నట్టే చేసింది. అయినా ఒంటె పిచ్చెక్కినట్టు తల ఊపుతోంది. రెండుసార్లు గట్టుకు తగలబోయి తప్పించుకుంది. తను ఏం తప్పు చేస్తోందో ఆమెకు అంతుపట్టలేదు. వేళ్లు మళ్లీ బిగుసుకోబోతున్నాయి. ఇక్కడ పడితే ఆయన మళ్లీ ఎక్కడు, వెనక్కి పోదామంటాడు. అంతటితో మబ్బులూ లేవు, ఒంటే లేదు. అప్పుడు గమనించింది. వెనక నుంచి రెండు చేతులు ఆమె నడుమును పట్టుకారులా పట్టుకుని ఉన్నాయి. చక్రం ఇటు ఊగితే ఆయన అటు లాగుతున్నాడు, అటు ఊగితే ఇటు. ఇన్నేళ్లూ నడిపిన మనిషి ఒళ్లు వెనక కూర్చున్నా నడుపుతూనే ఉంది. ఇసుకబస్తాకు భయం లేదు, అనుభవమూ లేదు. ఆ తేడా చీమ మేడమ్ కూడా చెప్పలేదు.

మలుపు దగ్గరపడింది. వాక్యం పూర్తి చేసే వ్యవధి లేదు.

"చేతులు వదులు!" అని అరిచింది టైలరమ్మ. "వదులు!"

నడుము మీద బరువు తీసేసినట్టు పోయింది. ఒంటె ఒక్కసారి కుదుటపడి, చక్కగా మలుపు తిరిగి, సాఫీగా ఎక్కింది. ఎంత బాగా అర్థం చేసుకున్నాడో అని మురిసిపోయింది. ఆ మురిపెంలో ఇంకో మలుపు కూడా ఎక్కింది. వెనక నుంచి ఒక్క మాటా లేదు. టవరాయన అంతసేపు మాట్లాడకుండా ఉన్నాడేమిటని అనుమానం వచ్చి, చెయ్యి వెనక్కి పెట్టి తడిమి చూసింది. సీటు ఖాళీ.

బండిని గట్టుకు ఆనించి, జారుతూ పడుతూ వెనక్కి పరిగెత్తింది. టవరాయన దారి మధ్యలో, కాళ్లు చాపుకుని, నడుం దాకా మన్నులో కూర్చుని ఉన్నాడు. ఏడుస్తున్నాడనుకుంది. దగ్గరికి వెళితే నవ్వుతున్నాడు. భుజాలు కదిలిపోయేంత నవ్వు, మాట పెగలని నవ్వు.

"వదిలేశారేంటండీ?"

"నువ్వే కదే వదలమన్నావు?"

"వదులుగా పట్టుకోమన్నాను."

"ముప్ఫై ఏళ్లలో మొదటిసారి నన్ను ఏకవచనంలో కేకేశావు. కొంప మునిగిందనుకుని వదిలేశాను."

ఆమె ఆయన పక్కనే బురదలో కూలబడింది. ఇద్దరూ నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకోబోయి ముఖాలకు మన్ను పూసుకున్నారు. దెబ్బ తగల్లేదని తడిమి చూసుకున్నాక ఆమె చెయ్యిచ్చి లేపింది.

మిగిలిన దారంతా ఆయన చేతులు ఆమె నడుము మీద ఊరికే ఆని ఉన్నాయి. ఆమె ఎటు ఒరిగితే ఆయనా అటే ఒరిగాడు.

పైటవరు దగ్గరికి చేరి ఇంజను ఆపేసరికి ఏమీ లేదు. మబ్బులు కాళ్ల కింద లేవు. కాళ్ల కింద, తల మీద, చుట్టూ అంతా మబ్బే. టవరు కూడా నాలుగు మెట్ల దాకే ఉంది, ఆపైన తెల్లదనంలో కలిసిపోయింది. టైలరమ్మకు ఏడుపొచ్చింది. ఇన్ని పడడాలూ, ఇన్ని లేవడాలూ దేనికోసమో అది ఆ తెలుపు వెనక ఎక్కడో ఉండిపోయింది. జనరేటరు గది అరుగు మీద కూర్చుని వేచి చూశారు. ఎంత చూసినా తెర తొలగలేదు.

"క్షమించండి," అంది ఆమె. "ఇంకో రోజు రావాల్సింది. ఏమీ కనిపించట్లేదు."

టవరాయన అలవాటుగా తల మెల్లగా ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పాడు. తరువాత తిప్పడం మానేశాడు.

"పక్కన ఏముందో నీకేమైనా కనిపిస్తోందా?" అన్నాడు.

"లేదు."

"పైన?"

"లేదండీ. మీరొక్కరే కనిపిస్తున్నారు."

"నాకూ అంతే," అన్నాడాయన. "కిందటేటి నుంచి మనిద్దరికీ ఒకటే కనబడడం ఇదే మొదటిసారి."

ఆమె ఆయన తడి చేతిని తన చేతిలోకి తీసుకుంది.

అంతలో ఆయన జేబులో ఫోను మోగింది. ఎంతయినా టవరు కాళ్ల దగ్గర కూర్చున్నారు, సిగ్నల్‌కేం కొదవ. ఫొటోగ్రాఫరు. వానలు వెలిసేలా ఉన్నాయి, బండి కోసం ఎప్పుడు రమ్మంటారని అడుగుతున్నాడు.

"బండి ఇప్పుడు మా ఆవిడదండీ," అన్నాడు టవరాయన. "ఉండండి, అడిగి చెబుతాను." ఫోను చేత్తో మూసి, ముఖమంతా ఆమె వైపు తిప్పాడు. "అమ్ముతావా?"

"మబ్బులు చూడందే ఎలా అమ్ముతాం?"

"మబ్బులు చూడందే అమ్మదటండీ," అని చెప్పి ఆయన ఫోను పెట్టేశాడు. అవతలి మనిషికి ఏమర్థమైందో ఆ పైవాడికే తెలియాలి.

దిగే వేళ ఆమె ముందు ఎక్కి కాలు ఊనింది. ఆయన వెనక ఎక్కి, రెండు చేతులూ ఆమె నడుము చుట్టూ తెచ్చి, గాల్లోనే ఆపి అడిగాడు:

"వదులు ఎంత పెట్టమంటావు?"

"అంటిపెట్టుకోండి. పట్టుకోకండి."

ఆయన అలాగే కూర్చున్నాడు. ఒంటె తల దింపి దారి పట్టింది. మబ్బులు కింద ఉన్న రోజు ఎలా ఉంటుందో, ఎండ పడితే వాటి అంచులు ఏ రంగుకు తిరుగుతాయో, ఇక్కడే ఏ మలుపులో ఆ నక్క ఎదురైందో, కొండ దిగేదాకా ఆయన చెబుతూనే ఉన్నాడు. టైలరమ్మ దూరాన దారి మీద చూపు పెట్టి ఊఁ కొడుతూ నడిపింది. ఈసారి ఒక్క మాట కూడా పోనివ్వలేదు.